రెండు దేశాలూ తలుపేసిన వేళ...

చదువు కోసం దేశం దాటిన పిల్లలు వాళ్లు. కరోనా మొదలవగానే చదువుకుంటున్న దేశం అనుమానంగా చూసింది. బతుకుజీవుడా అని ఇంటికి బయల్దేరితే సొంత దేశమూ అలాగే చూసింది. దాదాపు మూడేళ్లు ఇటూ అటూ కాకుండా నలిగిపోయిన చైనా విద్యార్థుల కథ ఇది.

2020 జనవరి ఆఖరి వారం. చైనాలో కొత్త సంవత్సరం పండగ. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్లకు అది అలాగ. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లంతా రైళ్లూ బస్సులూ పట్టుకుని సొంతూరు చేరాల్సిందే. ఆ ఏడాది మాత్రం పండగ ఇంకా రెండు రోజులుందనగా, జనవరి 23న, కోటికి పైగా జనాభా ఉన్న వుహాన్ నగరానికి తాళం పడింది. టీవీల్లో ఆసుపత్రుల ముందు బారులు. దేశమంతా మాస్కుల కరవు. ఆ దృశ్యాలు చూసి లండన్, టోక్యో, న్యూయార్క్, సిడ్నీ నగరాల్లో చదువుకుంటున్న చైనా కుర్రకారు మందుల దుకాణాల మీద పడింది. దొరికిన మాస్కు దొరికినట్టే కొన్నారు. అట్టపెట్టెల్లో సర్ది అమ్మానాన్నలకు కొన్ని, వుహాన్ ఆసుపత్రులకు కొన్ని పంపించారు.

సరిగ్గా రెండు నెలలు తిరిగేసరికి పెట్టెల దారి మారిపోయింది. చైనాలో ఉద్ధృతి తగ్గింది. ఇటలీ, బ్రిటన్, అమెరికాల్లో శవాల లెక్క మొదలైంది. ఈసారి అమ్మానాన్నలు కొరియర్ ఆఫీసుల ముందు నిలబడ్డారు, పిల్లలకు మాస్కులు పంపడానికి! అప్పుడే చైనా సోషల్ మీడియాలో ఓ జోకు పుట్టింది. కరోనా ఆటలో మొదటి సగం చైనా ఆడిందట, రెండో సగం మిగతా ప్రపంచం ఆడిందట, మ్యాచ్ మొత్తం ఆడింది మాత్రం విదేశాల్లో ఉన్న చైనావాళ్లేనట. వినడానికి సరదాగానే ఉంటుంది. మైదానంలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది అసలు సంగతి.

ఒక్కగానొక్క బిడ్డ

ఇంతకీ వాళ్లెందరు? 2019లో ఒక్క ఏడాదే ఏడు లక్షల మందికి పైగా చైనా నుంచి విదేశీ చదువులకు వెళ్లారు. 2020 ఏప్రిల్ 2న చైనా విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం బయట చదువుకుంటున్న మొత్తం విద్యార్థులు 16 లక్షలు. అందులో 14 లక్షల 20 వేల మంది ఇంకా విదేశాల్లోనే ఉన్నారు. అమెరికాలోనే 3 లక్షల 72 వేల మంది చేరి ఉన్నారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు చైనా నుంచి వెళ్లినవారే.

ఈ అంకెల వెనక ఇంకో లెక్క ఉంది. చైనాలో 'ఒకే బిడ్డ' విధానం 1980 ప్రాంతంలో మొదలై 2015 దాకా సాగింది. అంటే ఈ విద్యార్థుల్లో చాలామంది ఇంటికి ఒక్కరే. ఇద్దరు తల్లిదండ్రులు, ఇటు అమ్మమ్మాతాతయ్యలు, అటు నానమ్మాతాతయ్యలు... ఆరుగురు పెద్దల ప్రాణాలూ ఆ ఒక్క బిడ్డ మీదే. చైనా విద్యార్థులంటే ఖరీదైన కార్లలో తిరిగే కోటీశ్వరుల పిల్లలన్న అభిప్రాయం పాశ్చాత్య దేశాల్లో బలంగా ఉంది. అలాంటివాళ్లూ లేకపోలేదు. కానీ దాచుకున్న సొమ్మంతా ఊడ్చి, ఫ్లాటు అమ్మి ఫీజు కట్టిన మధ్యతరగతి ఇళ్లు అంతకన్నా ఎక్కువ. పొలమో ప్లాటో అమ్మి పిల్లల్ని అమెరికా పంపిన తెలుగు ఇళ్లకు ఆ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

మొదట మూసుకున్న తలుపు

ముందుగా దెబ్బ తిన్నది ఆస్ట్రేలియా వెళ్లాల్సినవారు. అక్కడ కొత్త విద్యాసంవత్సరం ఫిబ్రవరి ఆఖరులో, మార్చిలో మొదలవుతుంది. డిసెంబరు, జనవరి వేసవి సెలవులు. పైగా పండగ. దాంతో ఎక్కువమంది ఇళ్లకు వెళ్లి ఉన్నారు. చైనా నుంచి వచ్చేవారిని దేశంలోకి రానివ్వబోమని 2020 ఫిబ్రవరి 1న ఆస్ట్రేలియా ప్రకటించేనాటికి లక్షకు పైగా విద్యార్థులు బయటే ఉండిపోయారు. అద్దె కట్టిన గదులు అక్కడ, ఫీజు కట్టిన సీట్లు అక్కడ, మనుషులు ఇక్కడ. ఆ మరుసటి రోజు నుంచి అమెరికాలోనూ అదే నిబంధన.

అయితే ఆ నిబంధనలో ఓ కిటికీ ఉంది. చైనా బయట 14 రోజులు గడిపి వస్తే రానిస్తారు. ఇంకేం... వేల మంది విద్యార్థులు థాయిలాండ్, మలేసియా, దుబాయ్‌ల బాట పట్టారు. తెలియని ఊళ్లో హోటల్ గదిలో రెండు వారాలు కూర్చుని, ఒంట్లో జ్వరం రాకుండా చూసుకుంటూ, అక్కణ్నుంచి సిడ్నీకో మెల్‌బోర్న్‌కో విమానం ఎక్కడం. ఆ ఖర్చులో కొంత తామే ఇస్తామని కొన్ని ఆస్ట్రేలియా యూనివర్సిటీలు ముందుకొచ్చాయి కూడా. రావూ మరి! ఇనుప ఖనిజం, బొగ్గు, సహజవాయువుల తర్వాత ఆ దేశానికి పెద్ద ఎగుమతి ఆదాయం విదేశీ విద్యార్థుల చదువే. అందులో చైనా వాటా మిగతా అందరికన్నా ఎక్కువ.

ఆ కిటికీ కూడా ఎన్నాళ్లో తెరిచి లేదు. మార్చి 20న ఆస్ట్రేలియా విదేశీయులందరికీ తలుపులు మూసేసింది. అవి విద్యార్థులకు మళ్లీ తెరుచుకున్నది 2021 డిసెంబరు 15న. దాదాపు 21 నెలలు! ఎలాగో లోపలికి చేరుకున్నవారి పరిస్థితీ అంతంతమాత్రమే. హోటళ్లు, దుకాణాలు మూతపడటంతో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు పోయాయి. ప్రభుత్వం ఇచ్చిన వేతన సాయం విదేశీ విద్యార్థులకు వర్తించలేదు. ఖర్చులు భరించలేనివారు సొంత దేశాలకు వెళ్లడమే మేలని ఏప్రిల్ మొదట్లో అప్పటి ప్రధాని స్కాట్ మోరిసన్ తేల్చిచెప్పారు. వెళ్లమన్నారు సరే, విమానాలేవీ?

అమ్మ పెట్టుకోమంది... వీధి తీసేయమంది

చైనాలో జబ్బు చేస్తే మాస్కు పెట్టుకోవడం మామూలే. 2003లో సార్స్ చూసిన తరం తల్లిదండ్రులు ఫోన్‌లో రోజూ చెప్పే మాట కూడా అదే. ఐరోపాలో, అమెరికాలో లెక్క వేరు. అక్కడ మాస్కు పెట్టుకున్నాడంటే రోగి అని అర్థం. సామాన్యులు మాస్కు పెట్టుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సూచించిందే 2020 ఏప్రిల్ 3న. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదన్నదే అక్కడి అధికారుల మాట. దాంతో ఫిబ్రవరి, మార్చి నెలల్లో చైనా విద్యార్థులకు పెద్ద చిక్కే వచ్చిపడింది. మాస్కు పెట్టుకుని బస్సెక్కితే పక్కవాళ్లు లేచి వెళ్లిపోతారు. పెట్టుకోకపోతే అమ్మకు కంటిమీద కునుకుండదు.

తూర్పు ఆసియా ముఖం కనిపిస్తే చాలు, ఏ దేశమని అడిగే ఓపిక కూడా లేదు కొందరికి. 2020 ఫిబ్రవరిలో లండన్ నడిబొడ్డున ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఓ విద్యార్థిని 'నీ కరోనా మా దేశంలోకి వద్దు' అంటూ ముఖం పగిలేలా కొట్టారు. నిజానికి ఆ అబ్బాయిది చైనా కాదు, సింగపూర్! మార్చి 16న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 'చైనీస్ వైరస్' అని ట్వీట్ చేశాక అక్కడి వీధుల్లో సూటిపోటి మాటలు ఇంకా పెరిగాయి. ఆస్ట్రేలియాలో వివక్ష పెరిగింది కాబట్టి అక్కడికి వెళ్లేముందు ఆలోచించుకోమని జూన్‌లో చైనా విద్యాశాఖే తన విద్యార్థులను హెచ్చరించింది. అందులో రాజకీయం పాలు ఎంతో కొంత ఉండొచ్చు. వీధిలో మాట పడ్డ పిల్లలకు మాత్రం అది రాజకీయం కాదు.

ఐదు రోజుల్లో ఖాళీ చేయండి!

మార్చి రెండో వారంలో అమెరికా యూనివర్సిటీలు ఒకదాని వెంట ఒకటి హాస్టళ్లు ఖాళీ చేయించాయి. హార్వర్డ్ మార్చి 10న చెప్పి 15వ తేదీకల్లా వెళ్లిపొమ్మంది. ఇంటికి వెళ్లలేనివాళ్లు అర్జీ పెట్టుకుంటే కొందరికి ఉండటానికి వీలు కల్పించారు. మిగిలినవాళ్లు స్నేహితుల గదుల్లో తలదాచుకున్నారు. అప్పటికి చైనాలోనే క్షేమం అనిపించి వేల మంది టికెట్ల కోసం ఎగబడ్డారు.

సరిగ్గా అప్పుడే చైనా తన తలుపు దగ్గరగా వేసింది. మార్చి 29 నుంచి 'ఐదు ఒకట్లు' విధానం అమల్లోకి వచ్చింది. ఒక విమానయాన సంస్థ, ఒక దేశానికి, ఒకే మార్గంలో, వారానికి ఒక్కసారి మాత్రమే విమానం నడపాలి. అలా వారమంతా కలిపి దేశంలోకి వచ్చే అంతర్జాతీయ విమానాలు 130 చిల్లరకు పడిపోయాయి. పద్నాలుగు లక్షల మంది బయట, వారానికి నూట ముప్ఫై విమానాలు! డబ్బున్న కొందరు కలిసి ప్రైవేటు జెట్‌లు మాట్లాడుకున్నారు. ఒక్కో సీటుకు లక్షా 80 వేల యువాన్లు... అప్పటి లెక్కలో మన రూపాయల్లో 18 లక్షలకు పైమాటే. మిగిలినవారు అర్ధరాత్రిళ్లు ఫోన్లు పట్టుకుని టికెట్ల వేట. దొరికిందనుకున్న టికెట్ రెండు రోజుల్లో రద్దు. మళ్లీ మొదటికి.

అందరికన్నా చిన్నవాళ్ల పరిస్థితి మరీ దయనీయం. బ్రిటన్‌లోని బోర్డింగ్ స్కూళ్లలో పద్దెనిమిదేళ్లు నిండని చైనా పిల్లలు వేలల్లో ఉన్నారు. బడులు మూసేశారు, తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు రాలేరు. వాళ్లు మొర పెట్టుకోవడంతో ఏప్రిల్ మొదట్లో ప్రత్యేక విమానం ఒకటి లండన్ నుంచి పిల్లల్ని ఎక్కించుకుని జినాన్ నగరంలో దిగింది. ఉండిపోయినవారికి చైనా రాయబార కార్యాలయాలు 'ఆరోగ్య సంచులు' పంచాయి. అయిదు లక్షల సంచులు, అన్నింట్లో కలిపి కోటీ పది లక్షలకు పైగా మాస్కులు, చేతులు తుడుచుకునే మందు, జాగ్రత్తల పుస్తకం. కొన్నిచోట్ల చైనా మూలికల మాత్రలు కూడా. ఆ మాత్రలు కరోనాకు పనిచేస్తాయా అన్నది వేరే చర్చ. పరాయి ఊళ్లో గది తలుపు మూసుకుని కూర్చున్న పిల్లలకు సొంత భాషలో రాసిన పొట్లం చేతికందడమే పెద్ద ధైర్యం.

సొంతూరి స్వాగతం

ఇంటికి చేరిన అదృష్టవంతుల సంగతైనా బాగుందా అంటే, అదీ లేదు. 'ఊరు కట్టేటప్పుడు మాత్రం లేవు, విషం చల్లడానికి పదివేల మైళ్ల నుంచి అందరికన్నా ముందొచ్చావు' అనే అర్థం వచ్చే మాట ఒకటి మార్చిలో చైనా సోషల్ మీడియాను ఊపేసింది. విదేశాల నుంచి వస్తున్న కేసులు పెరుగుతున్న రోజులవి. జనం భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ రెండు నెలల కిందట మాస్కుల పెట్టెలు మోసి పంపింది వాళ్లలో ఎందరో! అది గుర్తుచేసేవారు లేకపోయారు. పాశ్చాత్య వీధిలో విన్న మాటే మాతృభాషలోనూ వినాల్సి వచ్చింది.

ఆ ప్రయాణం కూడా ఓ యుద్ధమే. ఎన్95 మాస్కు, దానిపైన ఇంకో మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, కొందరైతే ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు. మాస్కు తీస్తే ఎక్కడ వైరస్ అంటుకుంటుందోనని పన్నెండు, పద్నాలుగు గంటలు పచ్చి మంచినీళ్లు ముట్టనివారున్నారు. దిగాక పరీక్షలు, గంటల కొద్దీ నిరీక్షణ, ఆపైన హోటల్ గదిలో 14 రోజుల ఏకాంతవాసం. బీజింగ్ వెళ్లాల్సిన విమానాలను మార్చి 23 నుంచి ముందు వేరే నగరాల్లో దింపేవారు. ఇల్లు ఒక నగరంలో, గది ఇంకో నగరంలో. తలుపు బయట స్టూలు మీద భోజనం పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయేవారు సిబ్బంది.

జూన్ 8 నుంచి ఇంకో నిబంధన తోడైంది. ఓ విమానంలో వచ్చినవారిలో ఐదుగురికి పాజిటివ్ వస్తే ఆ సర్వీసు వారం పాటు ఆపేస్తారు, పది మందికి వస్తే నాలుగు వారాలు. ముందు వారం ప్రయాణించిన ముక్కూమొహం తెలియనివాళ్ల ఒంట్లో వైరస్ ఉంటే, ఈ వారం మీ టికెట్ గల్లంతు. నవంబరు నుంచి విమానం ఎక్కేముందు 48 గంటల్లోపు రెండు రకాల పరీక్షల్లో నెగెటివ్ రావాలన్నారు. మధ్యలో విమానం మారేవాళ్లకు అక్కడా పరీక్షే.

అర్ధరాత్రి పాఠాలు

చైనాలో ఉండిపోయినవారికి చదువంతా కంప్యూటర్ తెరమీదే. న్యూయార్క్‌లో మధ్యాహ్నం రెండు గంటల క్లాసంటే బీజింగ్‌లో తెల్లవారుజామున రెండు, చలికాలంలో మూడు. అమ్మానాన్నలు నిద్రపోయే వేళ పిల్లలు కాలేజీకి 'వెళ్లేవారు'. చైనాలో గూగుల్ పనిచేయదు. ప్రొఫెసర్ ఇచ్చిన లింకు తెరవాలంటే వీపీఎన్ కావాలి, అది ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. ఫీజు మాత్రం చాలాచోట్ల ఇంచుమించు పాతదే. కొన్ని యూనివర్సిటీలు దారులు వెతికాయి. న్యూయార్క్ యూనివర్సిటీ తన షాంఘై క్యాంపస్‌లోనే రెండు వేల మందికి పైగా తన చైనా విద్యార్థులకు చోటిచ్చింది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ అయితే విద్యార్థుల్ని రప్పించుకోవడానికి చైనాకు ప్రత్యేక విమానం ఏర్పాటు చేసింది.

అమెరికాలో ఉన్నవారికి ఆ వేసవి మరో పరీక్ష పెట్టింది. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో జరిగితే విదేశీ విద్యార్థులు దేశం వదలాలని 2020 జులై 6న అక్కడి వలసల శాఖ హుకుం జారీచేసింది. హార్వర్డ్, ఎంఐటీ రెండు రోజుల్లో కోర్టుకెక్కాయి. జులై 14న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ ఎనిమిది రోజులు చైనా ఇళ్లలోనే కాదు, హైదరాబాద్, గుంటూరు ఇళ్లలోనూ ఎవరికీ నిద్ర లేదు. అంతకుముందే, మే 29న, చైనా సైన్యంతో సంబంధమున్న సంస్థల్లో చదివినవారు పైచదువులకు రాకుండా ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరుకల్లా వెయ్యికి పైగా వీసాలు రద్దయ్యాయి. ఇక ఆగస్టులో విచాట్ యాప్ మీద నిషేధం! చైనావాళ్లకు ఆ యాప్ అంటే మనకు వాట్సాప్ లాంటిది. మిగతా యాప్‌లు చాలావరకు చైనాలో పనిచేయవు కాబట్టి అమ్మ ముఖం చూడాలన్నా అదే దిక్కు. సెప్టెంబరులో కోర్టు ఆ నిషేధాన్ని ఆపడంతో గండం గడిచింది.

తలుపుకు అటువైపు మనవాళ్లు

ఈ కథకు తిరగేసిన ప్రతి ఒకటి మన ఊళ్లలోనే ఉంది. కరోనాకు ముందు చైనాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 23 వేల మంది. ఎక్కువమంది ఎంబీబీఎస్ కోసం వెళ్లినవారే, అందులో తెలుగు పిల్లలూ ఎందరో. 2020 ఫిబ్రవరి మొదట్లో ఎయిరిండియా విమానాలు వుహాన్ నుంచి 640 మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చినప్పుడు ఇళ్లలో పండగ చేసుకున్నారు. తిరిగి వెళ్లడం మాత్రం కుదర్లేదు. మార్చి 28న విదేశీయుల రాకను ఆపేసిన చైనా, మన విద్యార్థులకు మళ్లీ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది 2022 ఆగస్టులో. రెండున్నరేళ్లు శవపరీక్షలూ శస్త్రచికిత్సలూ ఫోన్ తెరమీద చూసి నేర్చుకోవాల్సిన పరిస్థితి. ఈలోపు, ఆన్‌లైన్‌లో మాత్రమే చదివిన వైద్య కోర్సును గుర్తించబోమని మన జాతీయ వైద్య కమిషన్ ప్రకటించడంతో గుండెల్లో రాయి పడింది. పెకింగ్ నుంచి న్యూయార్క్ క్లాసు వినే అమ్మాయి, కరీంనగర్ నుంచి చైనా క్లాసు వినే అబ్బాయి... ఇద్దరిదీ ఒకటే బాధ.

మళ్లీ మాస్కులు... ఈసారి వేరే భయం

2021, 2022 సంవత్సరాల్లో ప్రపంచం మెల్లగా తెరుచుకుంది. చైనా తెరుచుకోలేదు. విదేశాల్లో ఉన్నవారికి స్నాతకోత్సవాలు అమ్మానాన్నలు లేకుండానే జరిగిపోయాయి. తాతయ్య పోయాడని ఫోన్ వస్తే, టికెట్ దొరికి, పరీక్షలు దాటి, క్వారంటైన్ ముగించేసరికి అంత్యక్రియలు అయిపోయి వారాలు గడిచేవి. అందుకే చాలామంది అసలు బయల్దేరలేదు. వీడియోలో దండం పెట్టుకున్నారు.

2022 నవంబరు 24న షిన్‌జాంగ్ రాజధాని ఉరుమ్‌చీలోని ఓ అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచి పది మంది చనిపోయారు. లాక్‌డౌన్ ఆంక్షల వల్లే వాళ్లు బయటపడలేకపోయారని చైనా జనం ఆగ్రహించారు. అధికారులు కాదన్నారు. ఆ నగరంలో మొదలైన నిరసన షాంఘై, బీజింగ్‌లకు పాకింది. తెల్లకాగితం పట్టుకుని నిలబడటమే నిరసన. లండన్ నుంచి న్యూయార్క్ దాకా చైనా విద్యార్థులూ కొవ్వొత్తులు, పూలు, తెల్లకాగితాలతో వీధిలోకి వచ్చారు. వారిలో చాలామంది ముఖాలకు మాస్కులు, తలకు టోపీలు. అప్పటికి ఆ దేశాల్లో మాస్కు పెట్టుకునేవారే తగ్గిపోయారు. వీళ్లు పెట్టుకున్నది వైరస్‌కు భయపడి కాదు. ఫొటో ఎవరి కంటైనా పడితే ఊళ్లో అమ్మానాన్నల ఇంటి తలుపు ఎవరు తడతారోనని!

ఈ మూడేళ్ల ప్రభావం అంకెల్లోనూ కనిపిస్తుంది. అమెరికాలో 2019-20లో 3 లక్షల 72 వేలున్న చైనా విద్యార్థులు 2021-22కల్లా 2 లక్షల 90 వేలకు తగ్గారు. 2023-24లో 2 లక్షల 77 వేలు. ఆ ఏడాది 3 లక్షల 31 వేల మందితో భారత్ మొదటి స్థానానికి వచ్చేసింది. కరోనా ఒక్కటే కారణమని చెప్పలేం. రెండు దేశాల మధ్య పెరిగిన వైరం, వీసాల భయం, చైనాలోనే మెరుగైన యూనివర్సిటీలు రావడం... అన్నీ ఉన్నాయి. బ్రిటన్‌లో మాత్రం చైనా విద్యార్థులు తగ్గలేదు. ఆ దేశం తలుపు పూర్తిగా మూయలేదు మరి.

చివరికి 2023 జనవరి 8న చైనా క్వారంటైన్ ఎత్తేసింది. మూడేళ్ల తర్వాత విమానాశ్రయం నుంచి నేరుగా ఇంటికే! ఇళ్లలో పండగ వాతావరణం. అది పూర్తిగా తీరకముందే, జనవరి 28న, చైనా విద్యాశాఖకు చెందిన సంస్థ కొత్త ప్రకటన చేసింది. విదేశీ యూనివర్సిటీల డిగ్రీలను ఆన్‌లైన్‌లో చదివితే ఇకపై గుర్తించబోమని, విద్యార్థులు వీలైనంత త్వరగా క్యాంపస్‌లకు వెళ్లాలని. ఆస్ట్రేలియాలో సెమిస్టర్ మొదలవడానికి ఉన్నది కొన్ని వారాలే. ఇంట్లో కూర్చుని క్లాసులు వింటున్నవారంతా ఒక్కసారిగా వీసాలకూ టికెట్లకూ పరుగులు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో అద్దె గదులకు మనిషికీ మనిషికీ పోటీ. వాళ్లలో 2020లో, 2021లో కోర్సులో చేరి, రెండుమూడేళ్లు చదివి, ఆఖరి సెమిస్టర్లో తొలిసారి తమ యూనివర్సిటీ గేటు చూసినవారూ ఉన్నారు.